పడవలో థర్మామీటరు

ఉదయం ఆరు గంటల ఇరవై నిమిషాలకు, కొల్లేటి మీద పడవ కదలగానే, నోట్లో థర్మామీటరు పెట్టుకున్నాను. నా భార్య జ్వరంతో పోయిన నాటి నుంచి ఎక్కడికి వెళ్ళినా మందుల పెట్టె నా వెంటే ఉండేది. అందులో క్వినైను, టింక్చరు, దూది, పాముకాటుకు చిన్న కత్తి. తిండి మాత్రం సరిగ్గా తినేవాణ్ణి కాదు.

పక్కన అన్నం మూటతో కూర్చున్న ముసలామె నేను థర్మామీటరు బయటికి తీసేదాకా ఆగింది.

"ఎంతుందండీ?"

"జ్వరం లేదండీ."

"మరి పీనుగలా ఆ మొహమేంటండీ?"

భార్య సంగతి చెప్పాను. ఆవిడ నా చేతిలోని గాజుపుల్లను తీసుకుని, కొల్లేటి నీళ్ళలో ముంచి, కొంగుతో తుడిచి తన నోట్లో పెట్టుకుంది. అక్కణ్ణుంచి అది పడవంతా తిరిగింది. ఎవరికీ జ్వరం లేదు. పడవవాడు డీలా పడిపోయాడు.

"నాక్కొంచెం కూడా లేదాండీ? అయితే రేపూ గెడ వెయ్యాల్సిందేనా?"

ముసలామె మూట విప్పింది.

"జ్వరముంటే లంఖణం. లేదని మీరే అన్నారు. ఇంక తినకపోతే ఊరుకోనండీ."

చేపల పులుసు కలిపిన ముద్ద చేతిలో పెట్టింది. రెండో ముద్ద నేనే అడిగాను.

మందుల పెట్టె ఇప్పటికీ నా వెంట వస్తుంది. అందులో థర్మామీటరు పెట్టడం మానేశాను.