ఇచ్చట లైట్లు పీకబడవు

రాజమండ్రిలో మోరంపూడి జంక్షన్ దాటాక, లారీలు ఆగే చోట కామేశం రేకుల షెడ్డు ఉండేది. గుమ్మం పక్కన నల్లపలక మీద సుద్దతో రాసి ఉండేది: "ఇచ్చట లైట్లు పీకబడవు." కొత్తవాళ్లు అది చదివి నవ్వుకునేవాళ్లు. సంగతి తెలిసినవాళ్లకి ఒళ్లు మండేది.

కార్లలో స్టీరింగు వెనక మీటర్ల దగ్గర ఎర్రవీ పసుపువీ లైట్లు వెలగడం మొదలయ్యాక, మా ఊరి మెకానిక్కులు దానికి సులువైన వైద్యం ఒకటి కనిపెట్టారు. ఏ లైటు వెలిగితే ఆ బల్బు పీకెయ్యడం. పది నిమిషాల పని. ఓనరు నవ్వుకుంటూ వెళ్లిపోయేవాడు. కామేశం మాత్రం చచ్చినా పీకేవాడు కాదు. "లైటు జబ్బు కాదండి, జబ్బుందని చెప్పేది," అనేవాడు. ఆ మొండితనం వల్ల సగం బేరాలు పక్క షెడ్డుకి పోయేవి.

కామేశం కోనసీమలో పురోహితుల ఇంట్లో పుట్టాడు. మంత్రాలు పట్టుబడలేదుగానీ రేడియో విప్పి బిగించడం పదో ఏటే వచ్చింది. రేడియోల కాలం అయిపోయాక మోటార్లకి వైండింగు చుట్టాడు. తర్వాత కార్ల వైర్ల మీద పడ్డాడు. నేను బడిపంతులుగా రిటైరయ్యాక రోజూ పొద్దున్నే పేపరు పట్టుకుని ఆ షెడ్డులో బల్ల మీద చేరేవాణ్ని. పని చేస్తున్నంతసేపూ కామేశం పెదవి విప్పడు. నాకా, నోరు మూసుకోవడం చేతకాదు. అందుకే మా ఇద్దరికీ పొత్తు కుదిరింది.

రెండువేల అయిదు, కార్తీకమాసం. ఒకరోజు పొద్దున్న ఎనిమిదింటికి, కూర్చుంటే నేల తగిలేంత పొట్టిగా ఉన్న ఎర్ర కారొకటి షెడ్డు ముందు ఆగింది. రెండే తలుపులు. జపాన్‌లో పుట్టి, మద్రాసులో మూడు చేతులు మారి, నెల కిందట మణిశంకర్‌కి దక్కిన స్పోర్ట్స్ కారు అది. మణిశంకర్ ఇంజనీరు, ముప్పై ఏళ్లవాడు. పక్కన భార్య కౌముది. వెనక ఇరుకు సీట్లో నాలుగేళ్ల కూతురు ఉమాశ్రీ నిద్రపోతోంది. అన్నవరం కొండ మీద పదకొండు గంటలకి వాళ్లకి వ్రతం టిక్కెట్టు ఉంది.

"మీటర్ల దగ్గర పసుపుది, బ్రేకుల లైటండి. కాసేపు వెలుగుతుంది, కాసేపు పోతుంది. బ్రేకు మాత్రం బ్రహ్మాండంగా పడుతోంది," అన్నాడు మణిశంకర్. "ఆ బల్బు తీసేయండి. రేపు తీరిగ్గా తెచ్చి చూపిస్తాను."

కామేశం పలక వైపు చెయ్యి చూపించాడు.

"చదివానండి. అర్జెంటంటున్నాను కదా."

"అరగంట ఇవ్వండి, చూస్తాను."

"అరగంటా? సరే, దారిలో లాగించేస్తాలెండి. నూట నలభైలో పోద్ది ఈ బండి."

ఆ మాటకి కౌముది మొహం తిప్పుకుని కిటికీలోంచి బయటికి చూసింది.

పావుగంట గడిచేసరికి మణిశంకర్ గడియారం చూసుకోవడం, షెడ్డులో అటూ ఇటూ తిరగడం మొదలుపెట్టాడు. ఇక్కడ నేను నోరు పెట్టాను. "పోనీలేవయ్యా కామేశం, ఈ ఒక్కరోజుకీ పీకెయ్యి. దేవుడి పనికి వెళ్లేవాళ్లని ఆపడం ఎందుకు?" అన్నాను. పెద్దమనిషి సలహా ఇచ్చినట్టు కాలు మీద కాలు కూడా వేసుకున్నాను. కామేశం నాకేసి ఒక్క చూపు చూసి, కారు తాళం తీసి చొక్కా జేబులో వేసుకున్నాడు.

"ఏంటండి ఇది? నా బండి తాళం నాకివ్వరా?" మణిశంకర్ గొంతు లేచింది.

"ఇస్తానండి. కాస్త ఆగండి. తర్వాత ఎంత తిట్టినా పడతాను."

ఆ కారుతో మాట్లాడే కంప్యూటరు కామేశం దగ్గర లేదు. బానెట్ కింద ఉన్న చిన్న నల్లడబ్బా మూత తీసి, అందులో రెండు పిన్నుల్ని తీగముక్కతో కలిపి, తాళం తిప్పాడు. మీటర్ల దగ్గర ఆ పసుపు లైటే మిణుకుమిణుకుమనడం మొదలుపెట్టింది. మూడుసార్లు వెలిగింది. ఆగింది. ఒకసారి వెలిగింది. మళ్లీ మూడు, మళ్లీ ఒకటి. కామేశం ఏ అంకెకి ఏ జబ్బో రాసున్న మాసిపోయిన జెరాక్సు కాగితం తీసి వేలు పెట్టి చూశాడు.

"ముప్పై ఒకటి. కుడివైపు ముందు చక్రం."

"బ్రేకుకి ఆ చక్రం వేగం చెప్పే సెన్సారు పోయిందన్నమాట. అంతేగా? కొత్తది తెప్పించి పెట్టండి, వచ్చి వేయించుకుంటాను. తాళం ఇవ్వండి."

"సెన్సారు పోయిందని లైటు చెప్పలేదండి. ఆ చక్రం ఎంత వేగంగా తిరుగుతోందో తనకి తెలియట్లేదని చెప్పింది. ఎందుకు తెలియట్లేదో మనం చూసుకోవాలి."

కామేశం కరెంటు కొలిచే మీటరు తెచ్చి సెన్సారు వైరుకి తగిలించాడు. చక్రం తిన్నగా ఉన్నప్పుడు అంకె కుదురుగా ఉంది. స్టీరింగు ఎడమకి పూర్తిగా తిప్పించగానే మాయమైంది. తిన్నగా పెడితే మళ్లీ వచ్చింది. అంటే సెన్సారు బాగానే ఉంది, బండి తిరిగినప్పుడల్లా వైరునే ఏదో లాగుతోంది. తొమ్మిది కావస్తోంది. మణిశంకర్ ఇంకో మెకానిక్కుని పిలిపిస్తానని సెల్లు తీశాడు. కౌముది కారు దిగి వచ్చి కుడి చక్రం వైపే చూస్తూ నిలబడింది. ఆమె మొహంలో నెత్తురు చుక్క లేదు. పొద్దున్నే ఉపవాసం కదా, నీరసమేమో అనుకున్నాను.

కామేశం జాకీ పెట్టి చక్రం ఊడదీసి, టార్చిలైటుతో లోపలికి తల దూర్చాడు. చాలాసేపు తల బయటికి తీయలేదు.

"సార్, లోపల కూర్చుని బ్రేకు తొక్కండి. మెల్లగా."

మణిశంకర్ విసుక్కుంటూనే కూర్చుని తొక్కాడు. నేనూ వంగి చూశాను. చక్రానికి బ్రేకు ఆయిలు మోసే రబ్బరు పైపుకి ఒక గుర్రపు నాడా కట్టి ఉంది. రాగితీగతో నాలుగు చుట్లు చుట్టి, దాని మీద పసుపూ కుంకుమా పెట్టారు. బండి తిరిగిన ప్రతిసారీ ఆ ఇనుము పైపుని ఆకురాయిలా గీకింది. రబ్బరంతా పోయి లోపలి నూలు పొర ఒక్కటే మిగిలింది. బ్రేకు తొక్కగానే అది అప్పడంలా పొంగింది.

"ఇంకోసారి. గట్టిగా."

పైపు బద్దలై ఆయిలు కామేశం చొక్కా మీద చిమ్మింది. లోపల మణిశంకర్ కాలు నేల దాకా దిగబడిపోయింది.

అన్నవరం కొండ దిగేటప్పుడు ఆ మలుపుల్లో తొక్కవలసిన బ్రేకు అది. రాగితీగ చుట్లలో సెన్సారు వైరు కూడా ఇరుక్కుంది కాబట్టి లైటు వెలిగింది. లేకపోతే అదీ వెలిగేది కాదు. అలాంటి లైటుని పీకెయ్యమని కాలు మీద కాలు వేసుకుని చెప్పిన పెద్దమనిషిని నేను. నాకు సిగ్గేసింది.

కామేశం తీగ కత్తిరించి నాడాని మణిశంకర్ చేతిలో పెట్టాడు. దిష్టికి నాడా కట్టేవాళ్లు ఎవరైనా ముందువైపు నలుగురికీ కనబడేలా కడతారు. ఇది మాత్రం ఎవరికీ కనబడకూడదని కట్టింది.

"ఎవరు కట్టారిది?" అన్నాడు మణిశంకర్.

"నేనే," అంది కౌముది. "వాహనపూజ రోజున. ముందువైపు కడదామంటే స్పోర్ట్స్ కారుకి ఆ దరిద్రం ఏంటన్నారుగా. మీరు స్నానానికి వెళ్లినప్పుడు కట్టాను. ఆ పైపు గట్టిగా ఉందనుకున్నానుగానీ అదేంటో నాకు తెలీదండి."

"బుద్ధుందా నీకు? ముగ్గురం చచ్చేవాళ్లం!"

"ఆగండి," అన్నాడు కామేశం. అతని గొంతు అంత గట్టిగా లేవగా నేను వినడం అదే మొదటిసారి. "ఎందుకు కట్టారో కూడా అడగండి."

మణిశంకర్ అడగలేదు. అడక్కపోయినా ఆమె చెప్పింది.

"ఆ పూజకి ముందురోజు నిడదవోలు నుంచి వస్తుంటే మెల్లగా వెళ్లండని ఎన్నిసార్లు చెప్పానో మీకు గుర్తుందా? మీరు పాటల సౌండు పెంచారు. వెనక పిల్ల భయపడి సీట్లోనే తడిపేసుకుంది. ఇంటికొచ్చాక చెప్తే నవ్వేశారు. మీకు చెప్పి లాభం లేదని దేవుడికి చెప్పుకున్నాను. ఇంకేం చెయ్యనండి?"

కామేశం జేబులోంచి తాళం తీసి, చేతిలోనే ఉంచుకున్నాడు. కొత్త పైపు సాయంత్రం దాకా రాదనీ, ఆర్టీసీ కాంప్లెక్సు నుంచి అన్నవరం బస్సులున్నాయనీ మెల్లగా చెప్పాడు. మణిశంకర్ సరేనన్నట్టు తల ఊపాడు.

ఈ గొడవకి ఉమాశ్రీ లేచింది. కళ్లు నులుముకుంటూ దిగి, కారు తలుపు పట్టుకుని నిలబడింది. మణిశంకర్ నాడాని బల్ల మీద పడేసి, పిల్ల దగ్గరికి వెళ్లి వంగి చేతులు చాపాడు.

పిల్ల ఒక అడుగు వెనక్కి వేసింది.

"ఎత్తుకుంటే మెల్లగా నడుస్తావా నాన్నా?" అని అడిగింది.