తెల్లపాముకు ఎర్ర పిల్లలు

మా జువాలజీ సార్ పోయారని మొన్న పొద్దున పాత విద్యార్థుల వాట్సాప్ గ్రూపులో చూశాను. అందరూ చేతులు జోడించిన బొమ్మలు పెడుతున్నారు. నాకు ముందు ఏడుపు రాలేదు. నిజం చెప్పాలంటే కోపమొచ్చింది. నాకు చెప్పాల్సిన ఒక్క మాట చెప్పకుండానే వెళ్లిపోయారు. ఏడాదిన్నరగా మా మధ్య మాటల్లేవు.

కరీంనగర్‌లో నేను డిగ్రీ చదివిన రోజుల్లో ఆయన పాఠం కాలేజీలో కన్నా వాళ్లింటి వెనక గదిలోనే ఎక్కువ విన్నాను. ఆ గదిలో గాజుపెట్టెల నిండా కార్న్ స్నేక్‌లు. విషం లేనివి, సాధువైనవి, రంగుల కోసం పెంచుకునేవి. "గిది అమెరికా మక్కపాము. మన మక్కచేన్లది కాదు, భయపడకు" అని కొత్తవాళ్లకు పరిచయం చేసేవారు. వాటికి మేతగా వేసే ఎలుకపిల్లలకు ఒక ఫ్రిజ్, ఇంటి పెరుగుకు ఇంకొకటి. ఒకసారి అవి తారుమారయ్యాయి. సార్ భార్యను మేమంతా అమ్మా అనే పిలుస్తాం. ఆమె రెండు రోజులు పొయ్యి ముట్టించలేదు. సార్ మాతోపాటు హోటల్ ఉప్మా తిని ఊరుకున్నారు.

మామూలు కార్న్ స్నేక్ ఒంటిమీద ఎరుపూ నలుపూ రెండూ ఉంటాయి. సార్ దగ్గరున్న జతలో మగదానికి నలుపు లేదు, నిగనిగలాడే నారింజ రంగు. ఆడదానికి ఎరుపు లేదు. బూడిద రంగు, నల్ల మచ్చలు, గొంతు కింద కాస్త పసుపు. వాటికి పుట్టిన పిల్లలన్నీ మామూలు రంగువే. కానీ ఆ పిల్లల్ని పెంచి, వాటిలో వాటిని జతకడితే, పదహారింట ఒకటి ఎరుపూ నలుపూ లేని తెల్లది పుట్టొచ్చు. "లోపల దాగింది యాడికీ పోదు బిడ్డా. ఓపిక పడితే గదే బయటికొస్తది" అనేవారు సార్. ఆ ఓపికతోనే నా డిగ్రీ మూడేళ్లూ గడిచాయి.

పాముల బరువులు రాసే రిజిస్టరు దగ్గర మాత్రం ఆయనకు దయాదాక్షిణ్యాలు లేవు. ఒకరోజు బద్ధకించి, తూచకుండానే ఒక పాముకు నిన్నటి బరువే వేసేశాను. ఆ పేజీ చింపి నా చేతిలో పెట్టారు. "చూడంది రాయొద్దు. నీకు నువ్వే అబద్ధం చెప్పుకుంటే ఇగ నీకు నిజం చెప్పెటోడెవడు?" హాస్టల్ దాకా ఏడ్చుకుంటూ నడిచాను. ఆ మాట ఈనాటికీ మా క్లాసు పిల్లలకు చెప్తాను.

తీరా ఆ పిల్లపాములు పెరిగి గుడ్లు పెట్టిన వేసవిలోనే నాకు పీజీ సీటు రాలేదు. ధర్మపురికి వచ్చేసి, చదువు నా వల్ల కాదని బాపుతో తేల్చి చెప్పేశాను. గుడ్ల సంగతి సార్‌కే వదిలేశాను. ఒకరోజు ఫోన్ వచ్చింది. "పుట్టింది బిడ్డా, తెల్లది. నువ్వు రావాలె." పరుగెత్తాను. పెన్సిలంత పాము, గులాబీ కళ్లు. నా అరచేతిలో పెట్టారు. మిగతావేవని అడిగితే "ఒక్కటే నిలిచింది" అన్నారు. నేను వలవలా ఏడ్చాను. ఆ సాయంత్రమే మళ్లీ పుస్తకాలు తీశాను. మరుసటేడు సీటొచ్చింది, తర్వాత మా ధర్మపురిలోనే లెక్చరర్‌నయ్యాను. ఆ తెల్లపాము సంగతి చెప్పకుండా ఏ బ్యాచికీ జన్యుశాస్త్రం మొదలుపెట్టలేదు.

తర్వాత్తర్వాత నేనూ ఒక తెల్ల ఆడపామును తెచ్చుకున్నాను, దాని తల్లిదండ్రుల వివరాలు రాసిచ్చిన కాగితంతో సహా. సార్ దగ్గరున్న తెల్లది మగది, దానితో కలుపుదామంటే ఆయన దాటేస్తూ వచ్చారు. ఒకసారి ఎండలన్నారు, ఒకసారి కుబుసం విడుస్తోందన్నారు, ఒకసారి "ముసల్దయింది, ఇడిసిపెట్టు" అన్నారు. చివరికి నేనే పెట్టె పట్టుకెళ్లి కూర్చుంటే కాదనలేకపోయారు. గుడ్లు మా ఇంట్లోనే పొదిగించాను. పదకొండు పిల్లలు. తెల్లదానికీ తెల్లదానికీ పుట్టిన పదకొండూ ఎర్రవే!

పాముకు ఎరుపు రెండు వేర్వేరు లోపాల వల్ల పోవచ్చు. తల్లిది ఒక లోపం, తండ్రిది ఇంకో లోపం అయితే, ఒకరికి లేనిది ఇంకొకరు ఇస్తారు, పిల్లలకు ఎరుపు తిరిగొస్తుంది. నా దానిది మొదటి రకమని కాగితం ఉంది. అంటే సార్ తెల్లపాముది రెండో రకం. కానీ రెండో రకం పాముకు గొంతు కింద పసుపు రాదు. సార్ బూడిదరంగు పాముకు ఆ పసుపును మూడేళ్లు నా కళ్లతో చూశాను, అంటే దానిదీ మొదటి రకమే. ఎన్ని రకాలుగా సర్దిచెప్పుకున్నా ఒకటే తేలింది. ఆ తెల్లది ఆ గదిలో పుట్టింది కాదు, బయటినుంచి తెచ్చింది.

ఫోన్ చేశాను. "సార్, పిల్లలన్నీ ఎర్రగున్నయ్" అన్నాను. "మంచిగ తింటున్నయా బిడ్డా?" అన్నారు. పెట్టేశాను. ఆయన మళ్లీ చేయలేదు, నేనూ చేయలేదు.

మొన్న వెళ్లేసరికి అంతా అయిపోయింది. అమ్మ నన్ను వెనక గదిలోకి తీసుకెళ్లి తనే చెప్పింది. "ఒక్క గుడ్డు నిలువలే బిడ్డా. అన్నీ బూజువట్టినయ్. నువ్వేమో ఇంట్ల ముడుచుకొని కూసున్నవ్. మీ సారు రెండు దినాలు పరేషానై, హైదరాబాద్ పోయి గా తెల్లదాన్ని పట్టుకొచ్చిండు."

"మీకూ తెలుసా అమ్మా?"

"తెలుసు. చెప్పుమని ఎన్నిసార్లన్ననో. 'గామె దాన్నే పాఠం చెప్పుకుంటుంది, ఇప్పుడెట్ల చెప్పాలె' అనెటోడు."

నా మీద జాలిపడమని ఎవరడిగారు? నా పేజీ చింపిన చేత్తోనే నాకు అబద్ధం అందించారు. గుడ్లు పోయాయని చెప్పి ఉంటే నేను చదివేదాన్నో, మానేసేదాన్నో ఇక నాకెప్పటికీ తెలియదు. అదే నన్ను తినేస్తోంది. పామును నొప్పించకుండా పట్టుకోవడం నేర్పిందీ ఆ చేతులే. అందుకు దండం పెడతాను. నమ్మించి మోసం చేసినందుకు మాత్రం క్షమించానని రాయలేను.

"ఇగ దీన్ని నేను జూడలేను, తీస్కపో బిడ్డా" అని అమ్మ ఆ తెల్లపామును డబ్బాలో పెట్టి, గుడ్డసంచిలో చుట్టి ఇచ్చింది. ధర్మపురి బస్సు కిక్కిరిసి ఉంది, సగం మంది చంటిపిల్లల తల్లులు. పక్క సీట్లో ఒక అవ్వ నా ఒళ్లోకి చూసి అడిగింది.

"ఏం తీస్కపోతున్నవ్ బిడ్డా?"

"చీరలవ్వా" అన్నాను, తడుముకోకుండా.

"మంచిది" అని ఆమె ఆ డబ్బా మీద మోచెయ్యి ఆనించి, జగిత్యాల దాకా హాయిగా నిద్రపోయింది. నేను మూత అంచుల్ని రెండు చేతులా అదిమి పట్టుకుని కూర్చున్నాను.