అందరికీ తెలిసిన అదురు

విశ్రాంత గణితోపాధ్యాయిని రత్నమాణిక్యం రోజూ పదింటికి భీమవరంలోని నెట్ సెంటరుకు వస్తారు. కొంగుతో కీబోర్డు తుడిచి, చూపుడువేలితో ఒక్కొక్క అంకె నొక్కుతూ, భూకంపాల వెబ్‌సైట్‌లో తన ఊరి అక్షాంశ రేఖాంశాలు కొట్టి చూస్తారు. ఆమె ఒంటరిగా ఉండే అపార్టుమెంటును బిల్డరు రొయ్యల చెరువు పూడ్చి కట్టాడు. మొన్న ఉదయం అది అదిరినప్పుడు ఇరవై నాలుగు కుటుంబాలూ చెప్పులు లేకుండా మెట్లు దిగి పరుగెత్తాయి. అదురు తెలిసినవారు నింపవలసిన ఫారం ఆ వెబ్‌సైట్‌లో ఉంది. పదిమంది నింపితే పునాదుల తనిఖీని మునిసిపాలిటీ కాదనడానికి వీలుండదని ఆమె ప్రతి తలుపూ తట్టారు. "ఏదో లారీ వెళ్ళుంటుందిలెండి," అన్నారు కింది ఫ్లాటు ఆదినారాయణరాజు. "లారీకేనా రాజుగారూ, మొహాన సబ్బు నురగతో రోడ్డెక్కారు?" ఆయన నవ్వి, గొంతు తగ్గించారు. "మా ఫ్లాటు బేరంలో ఉందండి టీచరుగారూ. మీరూ రాయకండి."

ఆమె రాశారు. 'మీ చుట్టుపక్కలవారికి తెలిసిందా?' అన్న ప్రశ్న దగ్గర వేలు చాలాసేపు ఆగింది. చివరికి 'అందరికీ' అన్న జవాబు ఎంచుకున్నారు. మర్నాడు ఆ వెబ్‌సైట్ పటంలో భీమవరం మీద చిన్న రంగు గడి కనిపించింది. దాని మీద నొక్కితే, అందిన స్పందనలు ఒకటి అని వచ్చింది.