జపాన్ మంత్రి చేత నేను చేయించిన రాజీనామా

ఇది సముద్రాలు దాటిన మహాగాథ. ఇందులో ఒక నాయకుడి ఎదుగుదల ఉంది, పతనం ఉంది, ఒక అమాయకుడి బలి ఉంది. ఇలా మొదలుపెడదామనుకున్నాను గానీ, నిజానికి ఇది దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక జిరాక్స్ పేజీ కథ. ఆ ఒక్క పేజీని అయిదేళ్లుగా మోస్తున్నాను. ఎవరికీ చెప్పలేదు. మీకు చెబుతున్నాను.

అప్పట్లో ఒక కోచింగ్ సెంటర్‌కి కరెంట్ అఫైర్స్ మెటీరియల్ రాసేవాణ్ణి. రాయడమంటే పక్క సెంటర్ వాళ్లది చూసి వాక్యాలు తిరగేయడం. వాళ్లు మాది తిరగేసేవారు. ఒకసారి జపాన్ నాయకుడొకరి జీవితం పేజీడు కావాలన్నారు. దొరికింది ఒకటిన్నర లైను: జాలరి కొడుకు, ఊరి కౌన్సిలర్, తర్వాత మంత్రి, చివరికి ఓడిపోయి ఇంటికెళ్లాడు. పేరు రాయను, ఆయన గురించి ఇప్పటికే చాలా రాశాను.

పేజీ నిండాలి కదా. ఒక వంతెన కట్టించి కూల్చాను. ఆ సాయంత్రమే ఆయన చేత రాజీనామా చేయించాను. చనిపోయినవాళ్ల ఇంటింటికీ నడిపించి, గుమ్మం ముందు తల వంచి నిలబెట్టాను. పక్కన మూడు స్టార్లు పెట్టాను. మా లోకంలో మూడు స్టార్లంటే పరీక్షలో వచ్చి తీరుతుందని.

నా రూమ్మేట్ సైదులన్న, నల్గొండ దగ్గరి పల్లె మనిషి, ఆ పేజీని బట్టీ పట్టలేదు. నమ్మాడు. ప్రభుత్వోద్యోగానికి వయసు దాటిపోయే ముందు అతనికి మిగిలిన ఆఖరి ఇంటర్వ్యూలో, నీకు ఆదర్శం ఎవరని అడిగితే ఈ మంత్రి పేరు చెప్పాడు. బోర్డులో ఒకాయనకు జపాన్ తెలుసు. ఆ వంతెనా లేదు, ఆ రాజీనామా లేదు అన్నాడట. సైదులన్న వాదించాడు. ఉద్యోగం రాలేదు.

రూముకొచ్చి అడిగాడు.

"తమ్మీ, గా జపాన్ సారు నిజంగనే రాజీనామా చేసిండా?"

"మన మెటీరియల్లో ఉంది కదన్నా. వాళ్లకే తెలీదు."

"నేనూ గదే చెప్పిన. గది రాసిన పిలగాడు నా రూమ్లనే ఉంటడు, తప్పు రాయడు అన్న."

నేను అన్నం వడ్డించుకున్నాను.

అదొక్కటే కారణమా? రాతపరీక్షలో మార్కులే తక్కువేమో? ఈ ప్రశ్న నాకు హాయిగా ఉంటుంది, అందుకే దాన్ని నమ్మను. సెంటర్ నడిపే మా సార్‌కి ఆ పేజీ తీసేయమని చెబితే, పిల్లలకు నచ్చింది, ఉండనీ అన్నాడు. పక్క సెంటర్ వాళ్లు కాపీ కొట్టి, చనిపోయినవాళ్ల సంఖ్య పెంచారు. వాళ్లను చూస్తే ఒళ్లు మండుతుంది. కానీ ముక్కూమొహం తెలియని మనిషి చేత గంటలో రాజీనామా చేయించిన నేను, అదే సెంటర్లో ఇంకో రెండేళ్లు జీతం తీసుకున్నాను. పక్క మంచం మీది మనిషి ముందు ఒక్కసారి తల వంచలేకపోయాను. ఇంకెవరి మీద మండిపడను?

సైదులన్న ఇప్పుడు ఎల్‌బీ నగర్‌లో ప్రైవేటు బస్సుల కౌంటర్లో టికెట్లు రాస్తున్నాడు. మన నాయకులను తిట్టాల్సి వచ్చినప్పుడల్లా ప్రయాణికులకు ఆ జపాన్ మంత్రి కథే చెబుతాడు. కళ్లు చెమర్చేలా చెబుతాడట.

ఇది రాశాక కాస్త ఊపిరాడుతోంది. అతనికి చెప్పినట్టు కాదని తెలుసు. పోయిన మంగళవారం చెబుదామనే మధ్యాహ్నం ఒంటిగంటకు మెట్రో ఎక్కాను.

అతని కౌంటర్ ఒంటిగంట నుంచి రెండింటి దాకా భోజనానికి మూసి ఉంటుందని నాకు ముందే తెలుసు.