రిటైరయ్యాక కట్టాల్సిన చీరలు

మొన్న ఇక్కడ ఢిల్లీ పక్కనున్న వైశాలిలో మా పక్క ఫ్లాటువాళ్లు కుక్కరు మానేసి గిన్నెలో అన్నం వార్చినట్టున్నారు, మెట్ల మీద గంజి వాసన తగిలి నా కాళ్లు అక్కడే ఆగిపోయాయి. మా అమ్మ ఢిల్లీలో ఒక పెద్దాసుపత్రిలో నర్సు. నా చిన్నప్పటి చలికాలాలన్నీ ఆవిడ తెల్లచీరల గంజి వాసనే: పొగమంచు విడిచి ఎండ కాస్త ముఖం చూపించగానే క్వార్టర్ల డాబా మీద బేసిన్లో గంజి, అందులో చిటికెడు నీలిమందు, తాళ్ల మీద అప్పడాల్లా బిర్రబిగిసే చీరలు, వాటి మధ్య వేరుశెనక్కాయలు వొలుచుకుంటూ దాగుడుమూతలాడే మేము. మా మురికి చేతులు వాటికి తగిలాయంటే వీపు విమానం మోతే.

డ్యూటీకి తెలుపు. మేం తెనాలి వైపు క్రైస్తవులం కనుక ఆదివారం ఆరాధనకీ తెలుపే. రంగుచీరలు లేక కాదు. ఏటా క్రిస్మస్‌కి మా పెద్దమ్మ రైల్లో వచ్చేవాళ్ల చేత అరిసెల డబ్బాతో పాటు ఒక చీర పంపేది. అరిసెలు మూడు రోజుల్లో మా పొట్టల్లోకి, చీర ట్రంకుపెట్టెలోకి పోయేవి. "మమ్మీ, ఆజ్ హీ పెహన్ లో నా," ఈరోజే కట్టుకోమని నేను బతిమాలితే నవ్వేది.

"ఇప్పుడు కట్టి ఎవరికి చూపించాలే, బెడ్‌పాన్లకా? రిటైరవనీ, రోజుకోటి కట్టి ఇండియా గేట్ దగ్గర తిరక్కపోతే అడుగు."

రిటైర్మెంటు ఇంకా రెండేళ్లుందనగా రొమ్ములో గడ్డ తేలింది. ముందే చూపించుకోవద్దా అని వార్డులో ఎందరికో చీవాట్లు పెట్టిన మనిషి, డ్యూటీలకు అడ్డమని తన గడ్డ సంగతి ఆరునెలలు ఎవరికీ చెప్పలేదు. అందుకు ఆవిడ మీద నాకు ఇప్పటికీ కోపమే. పెద్ద డాక్టరు ఉన్నమాట దాచకుండా చెప్పిన రోజు, ఇంటికొచ్చి చెప్పులు విడిచి తిన్నగా పెట్టె తెరిచింది.

"రిటైర్మెంటు నా దాకా రాదంట. రాకపోతే పోనీ, దానికోసం నేనాగుతానా?"

ఆ తర్వాత మందులెక్కించుకోవడానికి వెళ్లిన ప్రతిసారీ పెళ్లికెళ్లినట్టే వెళ్లింది. జారిపోతున్న జాకెట్లకి నేను పిన్నీసులు పెట్టేదాన్ని. జుట్టు రాలిన తల మీద జరీకొంగు కప్పుకుని, తన కింద పనిచేసిన నర్సులకి సూది ఎక్కడ గుచ్చాలో తనే చెప్పేది. "పెళ్లా సిస్టర్?" అని వాళ్లడిగితే "ఔనమ్మా, నాదే," అనేది. నవ్వాలో ఏడవాలో తెలియక వాళ్లు సీసాలు సర్దుకునేవాళ్లు.

హోలీకి ముందే పోయింది. మావాళ్లలో పోయినవాళ్లకి తెల్లబట్టలే కడతారు. సంఘపెద్ద ఒకాయన కొత్త తెల్లచీర తెచ్చి మంచం మీద పెట్టాడు. జన్మలో ఎవరికీ ఎదురుచెప్పని మా నాన్న ఆ చీర తీసి ఆయన చేతిలోనే పెట్టాడు.

"పద్ధతి కాదు తమ్ముడూ," అన్నాడాయన.

"ముప్పై ఏళ్లు కట్టిందండీ," అన్నాడు నాన్న. "దాని డ్యూటీ అయిపోయింది."

పసుపు మంగళగిరి చీరలో, ఎర్రంచు అందరికీ కనపడేలా తీసుకెళ్లాం. మూతులు తిప్పేవాళ్లు తిప్పారు.

ఆ క్వార్టర్లు ఇప్పుడు లేవు, ఆ డాబా లేదు. నర్సులు ప్యాంటూ చొక్కాల్లో చకచకా నడుస్తున్నారు. పెట్టెలో ఆవిడ కట్టకుండా మిగిలినవి నాలుగు చీరలు. జ్ఞాపకంగా దాచుకోమన్నారు అందరూ. నేను దాచలేదు. ఆఫీసుకీ, కూరగాయలకీ, వానలో బస్సెక్కడానికీ కట్టి కట్టి చింపేశాను.