కప్పు వంతెన మీద ఆగిన పాట

వాన వెలిసిన సాయంత్రాల్లో, న్యూజెర్సీ ఎడిసన్‌లో మా ఇంటి వెనక డెక్ నుంచి తడి చెక్క వాసన లేస్తుంది. మా ఆయనకది మహా ఇష్టం, కాఫీ కప్పు పట్టుకుని అక్కడే కూర్చుంటాడు. నేను మాత్రం వెళ్లి తలుపు వేసేస్తాను. ఆ వాసన వెంట పెన్సిల్వేనియా కొండల నడుమ మా చిన్న ఊరూ, ఊరి చివర ఏరూ, ఏటి మీద ఇంటికి వేసినట్టు కప్పు వేసుకుని నిలబడ్డ చెక్క వంతెనా లోపలికి వచ్చేస్తాయి.

నాన్న ఆ ఊరి ఆసుపత్రిలో డాక్టరు. అక్కడ తెలుగువాళ్లం మేమొక్కళ్లమే. వంతెన పక్కనే హెలెన్ అనే ముసలావిడ పొలం ఉండేది. వారానికోసారి మా ఇంటికి టీకి వచ్చి, అమ్మకు రాని ఇంగ్లీషులో గంటలకొద్దీ మాట్లాడేది. మధ్యలో తర్జుమా చేసే పని నాది. వంతెనకు కప్పు వేసింది మనుషుల కోసం కాదట, దూలాలు వానకూ మంచుకూ చివికిపోకుండా ఉండేందుకట. పూర్వం వాన పడితే గుర్రబ్బండ్లన్నీ అందులో ఆగేవట. తనను పెళ్లాడినవాడు మొదటిసారి ముద్దు పెట్టుకున్నది కూడా ఆ చీకట్లోనేనట. ఈ ముక్క తర్జుమా చేయడానికి నేను సిగ్గుపడితే, అమ్మ నా మొహం చూసే అర్థం చేసుకుని కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. వంతెన మొగదల పాత చెక్క పలక ఒకటి ఉండేది, గుర్రాలను మెల్లగా నడిపించాలని రాసి. డెక్కలన్నీ ఒకే తాళంలో పడితే వంతెన ఊగుతుందని హెలెన్ చెప్పింది.

అందరూ ఫోటోలు తీసుకునే ఆ వంతెన అంటే నాకు మాత్రం భయం. పట్టపగలు లోపల అడుగు పెట్టినా మసక. పలకల సందుల్లోంచి సన్నగా వెలుగు, పైన పావురాల గురగుర, పాత గడ్డి వాసన, కాళ్ల కింద ఎక్కడో కనిపించని నీళ్ల చప్పుడు. సగం దూరం వెళ్లాక మన అడుగులు కాక మరొకరి అడుగులు వెనక వినిపించేవి. అవి మనవేనని నాన్న ఎన్నిసార్లు చెప్పినా నేను నమ్మలేదు.

సెప్టెంబరు చివరికి ఏటిగట్టంతా పసుపు పచ్చగా గోల్డెన్‌రాడ్ పూసేది. తంగేడు దొరకని చోట అదే మా బతుకమ్మకు తంగేడు. గునుగుకు బదులు తెల్లటి అడవి పూలు, బంతిపూలు హెలెన్ పెరట్లోవి. ఆ ఏడు కరీంనగర్ నుంచి నాయనమ్మ వచ్చి ఉంది. సద్దుల బతుకమ్మ నాడు చుట్టుపక్కల పట్టణాల నుంచి నాలుగు కుటుంబాలు కార్లేసుకుని వచ్చాయి. చింతపండు పులిహోర, పెరుగన్నం, నువ్వుల పొడి, బెల్లం వాసనతో ఘుమఘుమలాడే మలీద. పాట ఎత్తేది అమ్మే. వంట చేస్తూ, బట్టలు మడతపెడుతూ కూడా పాడే మనిషి, ఆ రోజు ఆపమన్నా ఆగేది కాదు.

కొన్నాళ్లుగా పైన కొండల్లో వానలు. సాయంత్రం మేము ఏటిగట్టున ఆట మొదలుపెట్టామో లేదో, మళ్లీ వాన అందుకుంది. వంతెనలోకి పొండి, పూర్వం వానొస్తే అందరూ ఆగింది అక్కడేగా అని హెలెనే పిలిచి, బండ్లు రాకుండా తన పికప్ ట్రక్కు అడ్డం పెట్టింది.

బతుకమ్మను మధ్యలో పెట్టి ఆడవాళ్లంతా చుట్టూ తిరిగారు. చప్పట్లు, వంగడం, అడుగు, మళ్లీ చప్పట్లు. ఆ కప్పు కింద ప్రతి చప్పుడూ రెండింతలైంది. అందరూ మురిసిపోయి ఇంకా గట్టిగా అడుగులేశారు. పావురాలు ఒక్కసారిగా లేచి బయటి వానలోకి వెళ్లిపోయాయి. నా అరికాళ్ల కింద పలక కదిలింది. సందులోంచి చూస్తే, పొద్దున ఎక్కడో లోతున ఉన్న ఏరు ఇప్పుడు చేయి చాస్తే తగిలేంత దగ్గరలో, బురద రంగులో, చప్పుడు లేకుండా పోతోంది. నేను అమ్మ కొంగు పట్టి లాగాను.

అమ్మ కిందికి చూసింది. "అత్తమ్మా, వంతెన ఊగుతున్నది."

"ఊగనియ్యి. పాట నడుమల ఆపుతారే? బతుకమ్మను సాగనంపకుంట లేస్తే అరిష్టం," అంది నాయనమ్మ, చప్పట్లు ఆపకుండానే.

అత్తగారి మాట అమ్మ ఎన్నడూ జవదాటలేదు. ఆ రోజు మాత్రం చరణం సగంలో పాట ఆపేసి, బతుకమ్మను తలకెత్తుకుంది. "అందరు మెల్లగ నడువుండ్రి. ఎవ్వరు ఉరకొద్దు. కలిసి అడుగెయ్యొద్దు." అమ్మకు గుర్రాల సంగతి గుర్తొచ్చిందని నాకొక్కదానికే తెలిసింది. నాయనమ్మ అందరికంటే వెనక, తిడుతూ వచ్చింది.

మేము రోడ్డెక్కిన కాసేపటికి, పైనుంచి కొట్టుకొచ్చిన పెద్ద చెట్టొకటి వంతెనకు తగిలింది. వంతెన విరగలేదు. కప్పుతో సహా గట్టు మీంచి లేచి, ఇల్లు ఇల్లే కదిలినట్టు కొంత దూరం తేలి, వంపు దగ్గర వాలిపోయింది. హెలెన్ మమ్మల్ని లెక్కపెట్టుకుంది. అందరూ ఉన్నారని తెలిశాక పికప్‌లో కూర్చుని తలుపు వేసుకుంది. అమ్మ బతుకమ్మను అక్కడే గట్టున వరదలో వదిలింది, పాట లేకుండా.

హెలెన్ ఆ తర్వాత టీకి రాలేదు. మరుసటేడు బంతిపూలు రాలేదు. తానే పిలిచానన్న బాధో, మేమే కూల్చామన్న కోపమో నాకిప్పటికీ తెలియదు. బడిలో పిల్లలు మాత్రం మీవాళ్లు గెంతితేనే పడిందని మొహం మీదే అన్నారు. కరీంనగర్ తిరిగి వెళ్లాక నాయనమ్మ ఫోన్లో ప్రతి పండక్కీ ఒకటే మాట, "పాట ఆపినవు, అందుకే వంతెన పాయె." ఆడినందుకు ఒకరు, ఆపినందుకు ఒకరు. వరద వల్లేనని నాన్న వందసార్లు చెప్పినా అమ్మకు చెవికెక్కలేదు. అందరినీ బతికించిన మనిషికి ఇదేం శిక్షో అని నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఇప్పుడక్కడ కాంక్రీటు వంతెన. కింద ఏరుందని కూడా తెలియకుండా కార్లు దాటిపోతాయి. హెలెన్ లేదు, నాయనమ్మ లేదు. నాన్న పోయాక అమ్మ నా దగ్గరే ఉంటోంది. ఇక్కడ బతుకమ్మ స్కూల్ జిమ్‌లో, స్పీకర్లు పెట్టి, వందల మందితో జరుగుతుంది. పోయినేడు అక్కడ గోడవార కుర్చీలో కూర్చున్న అమ్మను నా కూతురు చేయి పట్టి లాగింది.

"అమ్మమ్మా, కమ్ నా! నువ్వు సాంగ్స్ పాడుతావా? నీకు వచ్చా?"

అమ్మ నా వైపు చూడలేదు.

"నాకు రావు బిడ్డా," అంది.