వాకిట కాపలా పెట్టిన మస్తాన్ గారు

ఆంప్లిఫయర్ల మస్తాన్ గారు ఇక లేరన్న కబురు పదిహేను రోజుల కిందట ఇందుకూరుపేట సెంటర్‌లో టీ తాగుతుండగా నా చెవిన పడింది. నమ్మలేదు. ముందురోజు సాయంత్రం దాకా ఆయన నా పక్కనే కూర్చుని టంకం పెట్టారు. గ్లాసు అక్కడే వదిలి పరుగెత్తాను. గుండెపోటట. తెల్లగుడ్డ కప్పిన ఆ దేహాన్ని చూశాకే నమ్మాను. పన్నెండేళ్లు ఆయన దగ్గర పని నేర్చినవాణ్ణి.

ఆయన విద్వత్తుకు పట్టాలు లేవు. కానీ ఈ తీరంలో కరెంటు నడవడిక ఆయన ఎరిగినంతగా ఎవరూ ఎరుగరు. ఉప్పుగాలికి స్తంభం మీద న్యూట్రల్ తీగ తుప్పుపట్టి ఊడిందంటే ఇళ్లలోకి దాదాపు నాలుగు వందల వోల్టులు దూసుకొస్తాయి. ట్రాన్సిస్టర్ మహా సుకుమారం, రెప్పపాటులో ప్రాణం విడుస్తుంది. అందుకని ఆయన ప్రతి ఆంప్లిఫయర్‌కూ మొదట సన్నని ఫ్యూజును, దాని వెనుక ఒక నీలం బిళ్లను పెట్టేవారు. వోల్టేజీ హద్దు మీరగానే ఆ బిళ్ల షార్టయి ఫ్యూజును తెంపేస్తుంది. "సుకుమారాన్ని లోపల పెట్టుకున్నోడు వాకిట్లో మొండోణ్ణి నిలబెట్టాల అబ్బయా" అనేవారు.

ఆయన చాదస్తమూ తక్కువది కాదు. బాగుచేసిన ఏ ఆంప్లిఫయర్‌నైనా ముందు ఒక బల్బు గుండా కరెంటిచ్చి చూసేవారు. బల్బు నిండుగా వెలిగితే లోపల షార్టున్నట్టు. ఆ తరువాత స్వయంగా వాళ్లింటికి వెళ్లి న్యూట్రల్ చూసుకుంటే గానీ స్విచ్ వేయనిచ్చేవారు కాదు. ఒక పెళ్లిలో మగపెళ్లివారు నానా మాటలూ అన్నా, నిచ్చెన తెప్పించి జాయింటు బిగించాకే మైకు ఇచ్చారు.

మైపాడు దగ్గరి మత్స్యకారుల పాలెం మైకంటే ఆయనకు ప్రాణం. అక్కడ పాలెం పెద్ద పోలయ్య గారు పొద్దున్నే మైకులో "పోవచ్చు" అంటేనే పడవలు కదులుతాయి. గాలి హెచ్చరికలు ఫోన్లలోనే వస్తున్నాయి కదా అని ఒకసారి నా తెలివి ప్రదర్శించాను. "ఫోన్లో వస్తే ఎవడిష్టం వాడిది. మైకులో వస్తే అది ఊరి కట్టుబాటు" అని నా నోరు మూయించారు. పాలెంవాళ్లు కొన్న కొత్త ఆంప్లిఫయర్లు రెండూ ఆ లైనుకు తట్టుకోలేక ఒక్క వానాకాలంలోనే పోతే, ఈయన చేసిచ్చింది మాత్రం ఏళ్ల తరబడి నిలిచింది.

ఆయన పోయిన నాలుగో రోజు దాన్ని నేను కాల్చేశాను. ఈ మాట రాయకుండా ఆయన గురించి ఇంకేం రాసినా అబద్ధమే. ఆ పొద్దున ఫ్యూజు పోయింది. కొత్తది వేస్తే అదీ పోయింది. గాలి హెచ్చరిక వచ్చి ఉంది, పోలయ్య గారు తొందరపెడుతున్నారు. నా బుద్ధి గడ్డి తిన్నది. బల్బు కట్టలేదు, స్తంభం వైపు చూడలేదు, ఫ్యూజు చోట రాగితీగ మెలిపెట్టాను. నీలం బిళ్ల పేలింది, నాలుగు ట్రాన్సిస్టర్లూ మాడిపోయాయి. న్యూట్రల్ ఊడి ఉందని బయటికి వెళ్లి చూశాక తెలిసింది. మైకు లేకపోయేసరికి ఎవరి ఫోను వాళ్లు చూసుకుని మూడు పడవలు వెళ్లాయి. రెండు తిరిగొచ్చాయి. మూడోది బోల్తాపడితే, అందులోని అన్నదమ్ములిద్దరినీ పక్క పాలెంవాళ్లు కొన ఊపిరితో ఒడ్డుకు చేర్చారు.

పోలయ్య గారు నన్ను తిట్టలేదు. "రోజూ ఇంటింటికీ తిరిగి ఆపలేను నాయనా. ఒక్కడు పోయినాడంటే ఇంకెవుడూ ఆగడు" అన్నారు.

ఆ ట్రాన్సిస్టర్ల కోసం నెల్లూరు, చెన్నై తిరిగాను. పైన అదే నంబరు, అన్నీ నకిలీవి, సగం శబ్దానికే కాలిపోతున్నాయి. అసలైనవి నాలుగు ఒక్కచోటే మిగిలాయి. మస్తాన్ గారు తొలిసారి తన చేత్తో చేసి ఇంట్లో ఉంచుకున్న ఆంప్లిఫయర్‌లో. ఆయన ఏ సర్క్యూటునూ కాగితం మీద గీయలేదు. ఆయన విద్యకు మిగిలిన ఏకైక గ్రంథం ఆ పెట్టె. దాన్ని అడగడానికి వెళ్లి, ఆయన భార్య బీబమ్మ గారి ముందు కూర్చున్నాను. ఆమెకు అప్పటికే సంగతి తెలుసు. పెట్టె తెచ్చి నా ముందు పెట్టి, స్క్రూడ్రైవర్ కూడా ఆమే అందించింది.

"ఆయన చెయ్యి పడింది ఇదొక్కటే మిగిలుండాది నాకు. ఆ పాలెం ఆడోళ్లకు మొగుళ్లు ఉండాల గదా. విప్పు నాయనా."

విప్పాను. ఆయన పెట్టిన టంకం కరుగుతుంటే ఏడుపు ఆగలేదు.

నిన్న ఉదయం పాలెంలో మైకు మోగింది. పోలయ్య గారు "ఇయ్యాల వద్దు" అన్నారు, ఒక్క పడవా కదల్లేదు. నేను సంతోషించాలి. చేతకావడం లేదు. మస్తాన్ గారూ, మీ పాదాలకు నమస్కరించి మిమ్మల్నే అడుగుతున్నాను, ఇక నన్నేం చేయమంటారు? లైను అదే, ఉప్పుగాలి అదే, చెయ్యి నాదే. ఈ నాలుగూ కాలితే పెట్టడానికి ఐదోది లేదు, అడగడానికి మీరు లేరు.